క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది: ఎస్ఎంపీఎస్ మార్చాలా, ఎర్త్ చూసుకోవాలా?

పర్లాకిమిడి స్టూడియో:

నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. నాన్నగారి ఫోటో స్టూడియో ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్. మా ఊళ్ళో తెలుగు పెళ్ళిళ్ళూ ఒడియా పెళ్ళిళ్ళూ ఒకేసారి మీద పడతాయి, మాఘంలో రాత్రి ఒంటిగంట దాకా పని. పాత కంప్యూటర్ ఇక లాగలేక, మొన్న దసరాకి బరంపురంలో సామాన్లు కొనుక్కొచ్చి సొంతంగా ఒకటి కట్టుకున్నాను. రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు. డబ్బంతా కార్డుకే పోయింది. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మాత్రం క్యాబినెట్ కొన్న కొట్లోనే, మీద 500 వాట్లని రాసి ఉన్నది తీసుకున్నాను.

ఇప్పుడు బాధ ఏమిటంటే, చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి క్యాబినెట్ వెనక మరలు ముట్టుకుంటే చీమలు పాకినట్టు జిల్లుమంటోంది. టెస్టర్ పెడితే బాడీ మీద ఎర్రగా వెలుగుతోంది. కార్డ్ రీడర్‌లో మెమరీ కార్డు పెడుతుంటే వేలికి తగులుతోంది. మొన్న అమ్మ తడిగుడ్డతో గది తుడుస్తూ క్యాబినెట్‌కి చెయ్యి ఆనించి ఉలిక్కిపడి గుడ్డ వదిలేసింది. ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. ఇది ఒకటి. రెండోది, వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మధ్యలో ఠక్కున ఆగి మళ్ళీ స్టార్ట్ అవుతోంది. సాయంత్రం ఆరు దాటాక ఎక్కువ. అప్పుడు మా వీధిలో వోల్టేజీ 180కి పడిపోతుంది.

ఇల్లు తాతగారు కట్టింది. గోడల్లో రెండు తీగలే ఉన్నాయి. బోర్డులకి మూడు కన్నాలున్నా పై కన్నంలోకి తీగే రాలేదు. వైరింగ్ మేస్త్రిని పిలిస్తే, "ఆ పై కన్నాన్నీ న్యూట్రల్‌నీ బోర్డు లోపల చిన్న తీగతో కలిపేస్తాను, ఐదు నిమిషాల పని" అన్నాడు. మా పెదనాన్నగారి అబ్బాయేమో మదర్‌బోర్డు కింద రబ్బరు వాషర్లు వేసి క్యాబినెట్‌కి తగలకుండా చెయ్యమంటున్నాడు. ఎవరి మాట వినాలి? కొత్త ఎస్ఎంపీఎస్ కొంటే రెండు బాధలూ పోతాయా? ఎన్ని వాట్లది తీసుకోవాలి? ఐదు వేలు, మహా అయితే ఆరు వేలు పెట్టగలను.

గుణుపురం కుర్రోడు:

అక్కా, మా ఇంట్లో నాలుగేళ్ళ నుంచి ఇలాగే ఉంది. కాలి కింద ప్లాస్టిక్ పట్టా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వాడతాను. ఏమీ కాలేదు. ఎస్ఎంపీఎస్ మాత్రం మార్చండి, 3060కి అది చాలదు.

రాయగడ రిపేరు:

అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక మాట. ఆ మేస్త్రి చేత న్యూట్రల్ లూపు, అంటే ఆ చిన్న తీగ, వేయించకు. ఈపాటికే వేసి ఉంటే ఇది చదవడం ఆపి, మెయిన్ కట్టేసి తీయించు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

రాయగడలో ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లు, ఇన్వర్టర్లు బాగు చేస్తున్నాను. లూపు వేసిన ఇంట్లో ఏటవుతాదో ఒకసారి కళ్ళారా చూశాను. గుణుపురం అవతల ఒక ఊరు. మీటరు దగ్గర న్యూట్రల్ మర వదులై తీగ ఊడింది. ఇంట్లో ఒక లైటు వేసే ఉంది. ఫేజులోంచి వచ్చిన కరెంటు ఆ లైటు దాటి న్యూట్రల్లోకి వచ్చింది. తిరిగి స్తంభానికి పోదామంటే దారి లేదు. బోర్డులో లూపు ఉంది కదా, దాంట్లోంచి ఫ్రిజ్ బాడీ మీదికి వచ్చి కూర్చుంది. ఇల్లంతా చీకటి, కరెంటు పోయిందనుకున్నారు. ముసలమ్మ ఫ్రిజ్ తలుపు పట్టుకుంది, చెయ్యి అతుక్కుపోయింది. మనవడు కర్రతో మెయిన్ కొట్టబట్టి బతికింది. రెండు వేళ్ళు కాలిపోయాయి. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరికీ జిల్లుమనలేదు, టెస్టర్ వెలగలేదు. అంతా బాగుందనే అనుకున్నారు. లూపుతో ఉన్న మోసమే అది.

ఇంకో దారిలోనూ ప్రమాదం వస్తాది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత స్తంభాలు మళ్ళీ నిలబెట్టినప్పుడు, నేను పనికి వెళ్ళిన కొన్ని ఇళ్ళకి ఫేజు, న్యూట్రల్ తారుమారై వచ్చాయి. లైట్లు, ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి, ఎవరికీ తెలీదు. లూపు ఉన్న ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి ఫ్రిజ్జు, గ్రైండరు, కంప్యూటరు అన్నిటి బాడీ మీదా నిండు ఫేజు.

ఇప్పుడు నీ జిల్లు సంగతి. ఆ ఎస్ఎంపీఎస్ చవకదే, కానీ ఈ జిల్లు దాని తప్పు కాదు. పదివేలు పెట్టి కొన్నా ఆ గోడలో పెడితే ఇలాగే కొడతాది. దాదాపు ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ కరెంటు లోపలికొచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటాది. దాంట్లో రెండు చిన్న కెపాసిటర్లు. వాటిని వై కెపాసిటర్లు అంటారు. ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. లోపల పుట్టే రొదని ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ తీగ లేకపోతే ఆ రెండిటి నడుమ బాడీ వేలాడతాది. 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా బాడీ మీద ఉంటాది. నీ టెస్టర్ వెలగడం అందుకే. కెపాసిటర్లు చిన్నవి కాబట్టి కరెంటు మిల్లీఆంపియర్‌లో మూడో వంతో ఇంకా తక్కువో వస్తాది, జిల్లుమనిపించి వదిలేస్తాది. గుణుపురం తమ్ముడికి నాలుగేళ్ళుగా ఏమీ కాకపోవడం అందుకే.

కానీ తమ్ముడూ, రేపు ఎస్ఎంపీఎస్ లోపల ఒక తీగ తొక్క ఊడి బాడీకి తగిలితే ఆ సగం నిండు 230 అవుతాది. అప్పుడు నిన్ను కాపాడేది అరిగిపోయిన చెప్పు ఒక్కటే. మీ ఇంట్లో చెప్పులు తొడుక్కోని వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆలోచించు.

అమ్మా, నీ దగ్గర మల్టీమీటర్ ఉంటే ఏసీ 600 లేదా 750 మీద పెట్టి, కంప్యూటర్ ప్లగ్ పక్క సాకెట్లో ఉండగా, అదే బోర్డులో మూడు కొలతలు తియ్యి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజుకీ క్యాబినెట్ మరకీ మధ్య, న్యూట్రల్‌కీ క్యాబినెట్ మరకీ మధ్య. చెప్పులు వేసుకో, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని చెయ్యి. అలవాటు లేకపోతే చెయ్యొద్దు. ఆ అంకెలు ఇక్కడ రాయి. ఎస్ఎంపీఎస్ సంగతి తర్వాత రాస్తాను, ఒక ఇన్వర్టర్ విప్పి పెట్టి ఉన్నాను.

పర్లాకిమిడి స్టూడియో:

మాస్టారూ, లూపు వేయించలేదు. మీరు రాసింది చదివి నాన్నగారికి కూడా చూపించాను. మీటర్ పక్కింటి ఐటీఐ అబ్బాయి దగ్గర తీసుకుని అతని చేతనే కొలిపించాను. ఫేజు, న్యూట్రల్ 208. ఫేజు, మర 101. న్యూట్రల్, మర 103. మీరు చెప్పినట్టు సరిగ్గా సగం సగం! ప్లగ్ పీకేశాక సాకెట్ పై కన్నంలో పెడితే మాత్రం ఏవేవో అంకెలు, నిలకడగా లేవు.

రాయగడ రిపేరు:

నిలకడ లేని అంకెలంటే ఆ కన్నం వెనక తీగ లేదని. మంచి ఎర్త్ ఉంటే ఫేజుకీ ఎర్త్‌కీ నిండు వోల్టేజీ రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ రెండు మూడు వోల్టులు మించకూడదు.

ఇక ఎర్త్ గొయ్యి. పెరట్లో గోడకి ఐదడుగులు అవతల తవ్వించు. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడవు, కింద భాగంలో కన్నాలు పెట్టించినది. చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర. పైన గరాటు, దాని చుట్టూ చిన్న సిమెంటు గట్టు, మూత. మన వైపు ఎర్ర గరప నేల ఎండాకాలంలో రాయిలా అవుతాది, నీళ్ళు పొయ్యకపోతే గొయ్యి ఉన్నా లేనట్టే. అందుకే ఆ గరాటు. బావి గట్టు దగ్గరో స్నానాల నీళ్ళు పోయే చోటో తడి నేల దొరికితే ఇంకా మంచిది. పైపు నుంచి 8 నంబరు జీఐ తీగ మెయిన్ బోర్డు దాకా, అక్కడి నుంచి రెండున్నర ఎంఎం ఆకుపచ్చ రాగి తీగ స్టూడియో సాకెట్‌కి. గోడలు పగలగొట్టనక్కర్లేదు, పైన పీవీసీ కేసింగ్ వేసి లాగెయ్యొచ్చు. గోడకి మేకు కొట్టి దానికి తీగ చుట్టి ఇదే ఎర్త్ అనే వాళ్ళున్నారు, అది పని చెయ్యదు. కుళాయి గొట్టం కూడా వద్దు, వీధిలో ఎక్కడో ప్లాస్టిక్ అయిపోయి ఉంటాది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. గొయ్యి ఒక్కటే చాలదమ్మా. నీ గొయ్యి రెసిస్టెన్స్ పది ఓమ్‌లు వచ్చిందనుకో. నిండు ఫేజు బాడీకి తగిలితే 230ని పదితో భాగించు, 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్చి) దానికి వెంటనే పడదు, నిమిషాల తరబడి మోస్తూ కూర్చుంటాది. అంతసేపూ ఎర్త్‌కి కట్టిన ప్రతి బాడీ మీదా కరెంటే. అందుకని మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగి రాకపోతే, ఆ తేడా పట్టుకుని రెప్పపాటులో కట్టేస్తాది. ఎర్త్ ఏ కారణంగానైనా తెగిపోయి ఉన్నా మనిషి ఒంట్లోంచి పోతున్న కరెంటుని కూడా అది పట్టుకుంటాది. డబ్బు ఒక్కదానికే ఉందంటే, కొత్త ఎస్ఎంపీఎస్ కన్నా ముందు ఆర్‌సీసీబీ కొను. ఈ మాట నా పిల్లలకీ చెప్తాను.

పని అయ్యాక మేస్త్రిని 100 వాట్ల బల్బు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూపించమను. ఆర్‌సీసీబీకి ముందు నుంచి ఫేజు తీసుకుంటే నిండుగా వెలగాలి. తర్వాత నుంచి తీసుకుంటే బల్బు వెలిగే లోపే ఆర్‌సీసీబీ పడిపోవాలి. అతను చేస్తాడు, నువ్వు చూడు.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్. నీ పెట్టె పక్కన స్టిక్కర్ చూడు, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసుందో చెప్పు. ఇవాళ కంప్యూటర్లో ప్రాసెసరు, కార్డు రెండూ 12 వోల్టుల మీదే బతుకుతాయి. ఆ ఆంపియర్లని 12తో గుణించు, అసలు బలం తెలుస్తాది. పైన పెద్దక్షరాల్లో రాసినదాన్ని పట్టించుకోకు.

పర్లాకిమిడి స్టూడియో:

18 అని ఉంది మాస్టారూ. అంటే 216 వాట్లేనా? 500 అని అంత పెద్దగా రాశారే!

రాయగడ రిపేరు:

అంతే. లెక్క చూడు. 3060 కార్డు 170 వాట్లు తింటాది. 5600 ప్రాసెసర్ మీద 65 అని రాసున్నా, బోర్డు దానికి 76 దాకా ఇస్తాది. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 50 వేసుకో. 300 దగ్గరికి వచ్చింది. కార్డు క్షణంలో వందో వంతు సేపు దాని లెక్క దాటి గుంజుతాది, అది వేరే. నీది 216. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు ఆగిపోవడం ఆశ్చర్యం కాదు, ఇన్నాళ్ళు కాలకుండా ఉండడమే ఆశ్చర్యం. ఎన్విడియా వాళ్ళు 3060కి చెప్పేది 550 వాట్లు. అంతకన్నా తగ్గకు. 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్లు ఉండాలి.

సాయంత్రాలే ఎక్కువగా ఎందుకు ఆగుతాదంటే, చవక వాటిల్లో వచ్చిన ఏసీని నేరుగా డీసీ చేసి పెద్ద కెపాసిటర్లలో నింపుతారు. 230 వస్తే అక్కడ 325 నిలుస్తాది, 180 వస్తే 254. నిలవ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటాది కాబట్టి 180 దగ్గర నీ పెట్టెలో సరుకు పదింట ఆరు పాళ్ళే ఉంటాది, నాలుగు పాళ్ళు పోయినట్టే. పక్క వీధిలో ఎవరో మోటారు వేసి లైటు ఒక్కసారి మిణుక్కుమంటే అంతే, రీస్టార్ట్. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవాటిల్లో, బయట ఎంత వచ్చినా లోపల 380 దగ్గరికి ఎత్తి నిలబెడతాది. అందుకే మన బోటి ఊళ్ళకి అది విలాసం కాదు, అవసరం. పెట్టె మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 అని ఉందో లేదో చూడు. 200 నుంచి 240 అని మాత్రమే ఉన్నవీ కొన్ని వస్తాయి, అవి వద్దు. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉన్నదైతే పాతకాలపుది, అదీ వద్దు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర మంచిదే, కానీ అది చెప్పేది ఎంత కరెంటు వేడిగా వృథా కాకుండా పనికొస్తాదన్నది. షాక్ కొట్టదని ఆ ముద్ర హామీ ఇవ్వదు.

రబ్బరు వాషర్ల మాట మర్చిపో. మదర్‌బోర్డు మర కన్నాల చుట్టూ వెండిరంగు ఉంగరం ఉంటాది చూడు, అది బోర్డు గ్రౌండు. ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి నిలబెట్టే చిన్న కాలు) ద్వారా క్యాబినెట్‌ని తాకాలనే అలా పెట్టారు. అన్ని మరలూ బిగించు. చూసుకోవలసింది ఒకటే, బోర్డుకి కన్నం లేని చోట క్యాబినెట్‌లో స్టాండాఫ్ మిగిలిపోయి ఉంటే అది వెనక టంకాలకి తగిలి షార్ట్ చేస్తాది. మైక్రో ఏటీఎక్స్ బోర్డుని పెద్ద క్యాబినెట్‌లో పెట్టేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఇంకొకటి, ఇప్పటి క్యాబినెట్లకి నల్ల రంగు దళసరిగా పూస్తారు. ఎస్ఎంపీఎస్ నాలుగు మరలు పడే చోట ఉప్పుకాగితంతో కాస్త రంగు గీకు, ఇనుము ఇనుముని తాకాలి. అప్పుడు మల్టీమీటర్ ఓమ్‌లో పెట్టి, ప్లగ్ పూర్తిగా పీకేసి, ప్లగ్ పొడుగు పిన్నుకీ క్యాబినెట్ అడుగున గీకిన చోటుకీ చూడు. ఒక ఓమ్ కూడా రాకూడదు. ఆ పిన్ను పొడుగ్గా ఎందుకుందో తెలుసా? పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తగలాలి, పీకేటప్పుడు అందరికన్నా చివర వదలాలి. పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు.

సిరోంచ గోదారి గట్టు:

రాయగడ అన్న చెప్పిందాంట్ల తీసేసేది ఏం లేదు. నేను మహారాష్ట్ర దిక్కు నుంచి, సిరోంచల నెట్ సెంటర్ నడుపుతున్న. ఒకటి కలుపుత. చెల్లె కొత్త ఎస్ఎంపీఎస్ తెస్తే పాతదాని తీగలు ఒక్కటి కూడ వాడొద్దు. మాడ్యులర్ అని తీగలు ఊడదీసేవి వస్తయి కద, వాటికి డిస్కు దిక్కు ఉన్న కొన ఒక్కతీరే ఉంటది, పెట్టె దిక్కు ఉన్న కొన ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. దూరుతది గని లోపల 5 వోల్టులు రావాల్సిన కాడ 12 వస్తయి. నేను గట్లనే పాత తీగ పెట్టి రెండు హార్డ్ డిస్కులు కాలబెట్టిన. ఒకదాంట్ల మా ఊరోళ్ళ పెండ్లి ఫొటోలు ఉండె. మళ్ళ రాలే. నీది ఫొటోల పనే గనుక చెప్తున్న.

ఇంకోటి పిడుగులు. స్పైక్ గార్డు కొన్న, ఇగ భయం లేదు అనుకోకు. దాంట్ల ఉండే బిళ్ళలు ఎక్కువొచ్చిన వోల్టేజీని ఎర్త్‌లకు కూడ తోలాలె. ఎర్త్ లేని ఇంట్ల ఆ దారి మూసుకపోయినట్టే. గొయ్యి తవ్వినంక కూడ మబ్బు గట్టిగ పట్టితే ప్లగ్ గుంజెయ్యి, స్విచ్చి కట్టేస్తె సాలదు.

గుణుపురం కుర్రోడు:

అన్నా, ఇంట్లో అమ్మమ్మ ఉంది, చెప్పుల్లేకుండానే తిరుగుతుంది. ఆర్‌సీసీబీ ఒక్కటి ముందు పెట్టి, గొయ్యి సంక్రాంతి తర్వాత తవ్విస్తే పర్వాలేదా?

రాయగడ రిపేరు:

పెట్టు తమ్ముడూ, రేపే పెట్టు. నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూసుకో. పాత ఇళ్ళలో రెండు లైన్ల న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటే పెట్టగానే ఊరికే పడిపోతాది. అప్పుడు మేస్త్రి "ఇది పాడైంది, తీసేద్దాం" అంటాడు. తియ్యనివ్వకు, ఎక్కడ కలిసిందో వెతికించు.

పర్లాకిమిడి స్టూడియో:

మూడు వారాలైంది, ఇవాళ రాస్తున్నాను. గొయ్యి తవ్వారు. నాలుగడుగుల కింద రాయి తగిలి, ఇంకో పక్కకి జరిపి మళ్ళీ తవ్వాల్సొచ్చింది, రెండు రోజుల కూలి అయింది. ఆర్‌సీసీబీ పెట్టించాం. మొదటి రోజే పడిపోయింది, మీరు చెప్పినట్టే మేస్త్రి తీసేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. వెతికితే స్నానాల గది గీజర్ పాతది లీక్ అవుతోందని తేలింది! గీజర్ అవతల పడేశాం. అందులోనే అమ్మ రోజూ నీళ్ళు కాచుకునేది.

కొలతలు ఇవీ: ఫేజు, న్యూట్రల్ 211. ఫేజు, ఎర్త్ 210. న్యూట్రల్, ఎర్త్ 1.4. క్యాబినెట్ మీద టెస్టర్ వెలగడం లేదు. 550 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్, 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లది, విశాఖపట్నం నుంచి తెప్పించాను. రంగు గీకాను. తీగలన్నీ దానితో వచ్చినవే వాడాను, సిరోంచ అన్నయ్యా. బోర్డు విప్పితే కింద ఎడమ మూల ఒక స్టాండాఫ్ అనవసరంగా నిలబడి ఉంది, అదీ తీశాను. నిన్న రాత్రి ఏడింటికి, వోల్టేజీ 178 ఉన్నప్పుడు, నలభై నిమిషాల పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టాను. ఆగకుండా అయింది.

గొయ్యి తులసికోట పక్కన పడింది. పొద్దున్నే తులసికి పోసిన చెంబులో సగం గరాటులో పోస్తోంది అమ్మ.